ఒక్క మాట మార్చిన సూరత్ ఆడబిడ్డ హంసా మెహతా

సూరత్ అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకొచ్చేది చీర. పెళ్లి బట్టలు కొనే వ్యాపారి నుంచి సంతలో మూట విప్పే చిరువ్యాపారి వరకు ఆ ఊరి పేరు పలకని వారుండరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా అక్కడి మరమగ్గాల మీద బతుకు నేస్తున్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. ఇంత దగ్గరి ఊరే అయినా, ఆ ఊరు ప్రపంచానికి అందించిన ఒక స్త్రీ పేరు మనలో చాలామందికి తెలియదు. ఆమె హంసా మెహతా. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన తొలి వాక్యంలో మానవులందరూ అనే అర్థమిచ్చే మాట నిలవడానికి ముఖ్య కారకురాలు ఆమే.

సంస్కరణ వేళ్లూనిన ఊరు

హంసా మెహతా 1897 జూలై 3న సూరత్‌లో ఒక నాగర బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆమె పుట్టేనాటికే ఆ నగరానికి అర్ధశతాబ్ది సంఘసంస్కరణ చరిత్ర ఉంది. 1844లో దుర్గారాం మెహతా తదితరులు అక్కడ మానవ ధర్మ సభను స్థాపించారు. వితంతు వివాహాల కోసం పోరాడిన గుజరాతీ కవి నర్మద్‌దీ ఆ ఊరే. గోదావరి తీరాన రాజమహేంద్రవరానికి కందుకూరి వీరేశలింగం పంతులు ఎలాంటివారో, తపతీ తీరాన సూరత్‌కు నర్మద్ అలాంటివారు.

హంస తాతగారు నందశంకర్ మెహతా గుజరాతీ భాషలో తొలి నవలగా పేరుపొందిన కరణ్ ఘేలో రచయిత. ఆ నవల 1866లో వెలువడింది. తండ్రి మనుభాయ్ మెహతా బరోడా కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించి, తరువాత బరోడా సంస్థానానికి దివాన్ అయ్యారు. ఇంట్లో పుస్తకాలు ఉండడం ఒక ఎత్తు, వాటిని ఆడపిల్ల చేతికి ఇవ్వడం మరొక ఎత్తు. ఆ రెండూ ఉన్న ఇంట ఆమె పెరిగారు.

ఆమె చదువు బరోడాలో సాగింది. మహారాజా మూడవ సాయాజీరావు గైక్వాడ్ 1906 నాటికే తన సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశారు. ఆ నిబంధన ఆడపిల్లలకూ వర్తించింది. దేశంలో అత్యధిక ప్రాంతాల్లో బాలికలకు బడి గడప తొక్కడమే గగనమైన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆ వాతావరణంలో హంస 1918లో తత్త్వశాస్త్రంలో పట్టభద్రురాలయ్యారు. మరుసటి ఏడాది పత్రికారచన, సమాజశాస్త్రం అభ్యసించడానికి ఇంగ్లండ్ బయలుదేరారు.

జెనీవాకు దారి చూపిన హైదరాబాద్ కవయిత్రి

ఇంగ్లండ్‌లో ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన వ్యక్తి సరోజినీ నాయుడు. హైదరాబాద్‌లో పుట్టి, ఆ నగరాన్నే ఇల్లుగా చేసుకున్న ఆ కవయిత్రి అప్పటికే జాతీయోద్యమంలో పేరొందిన వక్త. ఆమె ఈ యువతిని తన వెంట ఉంచుకుని మహిళోద్యమానికి పరిచయం చేశారు. 1920లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ మహిళా ఓటుహక్కు సదస్సుకు తోడ్కొని వెళ్లారు. తమ దేశాల్లో ఓటు కోసం పోరాడుతున్న స్త్రీలను ఒకేచోట చూడడం హంసకు అదే మొదలు. తరువాత ఆమె అమెరికా వెళ్లి అక్కడి విద్యాసంస్థలను పరిశీలించారు. 1922లో గాంధీజీని కలుసుకున్నారు.

ఒక నాయకురాలు మరొక నాయకురాలిని తయారుచేయడం గురించి మనం తరచు మాట్లాడుకుంటాం గాని, అది ఎలా జరుగుతుందో చూపే ఉదాహరణలు తక్కువగా చెప్పుకుంటాం. సరోజిని ఆమెకు ఉపదేశాలు ఇచ్చి ఊరుకోలేదు. సభకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. పెద్దల మధ్య మాట్లాడే ధైర్యం అలాంటి చోటే అలవడుతుంది.

కులం వెలివేసిన పెళ్లి

1924లో హంస డాక్టర్ జీవరాజ్ మెహతాను వివాహం చేసుకున్నారు. ఇద్దరి ఇంటిపేరు ఒకటే అయినా కులాలు వేరు. ఆయన అమ్రేలీకి చెందిన వైశ్య కుటుంబంలో పుట్టి, లండన్‌లో వైద్యం చదివిన ప్రతిభావంతుడు. పైకులపు యువతి కిందికులపు యువకుణ్ణి పెళ్లాడడాన్ని శాస్త్రాలు ప్రతిలోమమని నిందించాయి. నాగర సమాజం ఆమెను కులం నుంచి వెలివేసింది. మహారాజా సాయాజీరావు మాత్రం ఆ జంటకు అండగా నిలిచారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ మరొక పెళ్లి గుర్తుకు రావాలి. సరోజిని 1898లో ముత్యాల గోవిందరాజులు నాయుడిని కులాంతర వివాహం చేసుకున్నప్పుడు, మద్రాసులో ఆ పెళ్లి జరిపించినవారు వీరేశలింగం పంతులే. గురువు వేసిన అడుగు పావు శతాబ్ది తరువాత శిష్యురాలికి దారి అయింది.

జీవరాజ్ మెహతా గాంధీజీకి వైద్యుడిగా, బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి అధిపతిగా పేరు తెచ్చుకున్నారు. 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అయినా హంసా మెహతాను ముఖ్యమంత్రి భార్యగా పరిచయం చేయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన ఆ పదవి చేపట్టేనాటికి ఆమె తన పనులన్నిటా ముందే పేరు పొందారు.

జైలు నుంచి శాసన మండలికి

బొంబాయిలో స్థిరపడిన హంస 1930 నాటి శాసనోల్లంఘన ఉద్యమంలో వీధుల్లోకి వచ్చారు. దేశ్ సేవికా సంఘ్ మహిళలతో కలిసి విదేశీ వస్త్ర దుకాణాల ముందు, కల్లు సారా దుకాణాల ముందు పికెటింగ్ నడిపారు. బొంబాయి కాంగ్రెస్ నాయకత్వ బాధ్యతలు మోశారు. 1930లో, 1932లో, మళ్లీ వ్యక్తిగత సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లారు. ఆ రోజుల్లో గౌరవ కుటుంబాల స్త్రీలు దుకాణం ముందు నిలబడి, పోలీసు బండి ఎక్కడం ఇరుగుపొరుగు నోళ్లకు పని కల్పించే వ్యవహారం. ఆ నోళ్లకు భయపడి ఆగిపోయినవారు ఎందరో ఉంటారు. ఆగనివారి వల్లనే తరువాతి తరానికి ఆ దృశ్యం మామూలైపోయింది.

1937 ఎన్నికలు ఆమె స్వభావాన్ని తేటతెల్లం చేశాయి. మహిళలకు కేటాయించిన స్థానం నుంచి పోటీ చేసే అవకాశం ఉన్నా, ఆమె దాన్ని కాదని సాధారణ స్థానం నుంచి నిలబడి బొంబాయి శాసన మండలికి గెలిచారు. విద్య, ఆరోగ్య శాఖల పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. స్త్రీ అన్న కారణంతో తనకు తలుపు మూయవద్దని ఎంత గట్టిగా కోరారో, ఆ కారణంతోనే వేరే తలుపు తెరవవద్దని కూడా అంతే గట్టిగా కోరారు.

1945-46లో ఆమె అఖిల భారత మహిళా సదస్సు అధ్యక్షురాలయ్యారు. ఈ సంస్థ పుట్టుకకూ తెలుగు నేలకూ సంబంధం ఉంది. దాన్ని 1927లో ఏర్పరచడానికి ప్రధాన కారకురాలైన మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో నివసించిన ఐరిష్ వనిత. హంస నాయకత్వంలో ఆ సంస్థ భారతీయ మహిళల హక్కులు, బాధ్యతల పత్రాన్ని రూపొందించింది. విద్యలో, ఓటులో, వేతనంలో, ఆస్తిలో, వివాహ చట్టంలో స్త్రీకి సమాన స్థానం కావాలని ఆ పత్రం కోరింది. హిందూ చట్టంలో వివాహం, వారసత్వం విషయాల్లో స్త్రీ స్థితి మీద ఆమె విడిగా ఒక పుస్తకమే రాశారు.

పదిహేను మందిలో ఒకరు

రాజ్యాంగ సభలో కూర్చున్న మహిళలు పదిహేను మంది. బొంబాయి నుంచి హంసా మెహతా, మద్రాసు నుంచి మన దుర్గాబాయి అందులో ఉన్నారు. రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర మహిళా సభను నిర్మించిన దుర్గాబాయి, సూరత్‌లో పుట్టిన హంస ఒకే సభలో కూర్చుని ఆడపిల్లకు ఆస్తిహక్కు గురించి వాదించారంటే, వీరేశలింగం, నర్మద్ వేసిన విత్తనాలు ఎక్కడ మొలకెత్తాయో తెలుస్తుంది.

1946 డిసెంబరు 19న లక్ష్య తీర్మానం మీద మాట్లాడుతూ హంస తన వైఖరిని స్పష్టం చేశారు. మహిళలు ప్రత్యేక స్థానాలు గాని, ప్రత్యేక నియోజకవర్గాలు గాని కోరడం లేదని, సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయం మాత్రమే కోరుతున్నారని ఆమె సభకు వివరించారు. ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో ఆమె, రాజకుమారి అమృత్ కౌర్ ఇద్దరే మహిళా సభ్యులు. డాక్టర్ అంబేడ్కర్, నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ ఉపసంఘంలో వారి సహసభ్యులు.

అక్కడ వారిద్దరూ లేవనెత్తిన ఒక ప్రశ్న చెప్పుకోదగినది. మతాచరణ స్వేచ్ఛను హద్దులు లేకుండా రాజ్యాంగంలో రాస్తే, బాల్యవివాహం, దేవదాసీ పద్ధతి వంటివాటిని నిషేధించే చట్టాలు కూడా దాని కింద కొట్టుకుపోతాయేమో అన్నది వారి భయం. నేడు రాజ్యాంగంలోని 25వ అధికరణంలో సాంఘిక సంస్కరణ చట్టాలకు రక్షణ కల్పించే నిబంధన ఉంది. దాని వెనుక ఈ ఆందోళన పనిచేసింది. ఉమ్మడి పౌరస్మృతిని న్యాయస్థానాలు అమలుచేయగల హక్కుగా చేర్చాలన్న వాదనలో మాత్రం ఆమె పక్షం ఉపసంఘంలో ఒక్క ఓటు తేడాతో ఓడింది. ఆ విషయం ఆదేశిక సూత్రాల్లో 44వ అధికరణంగా మిగిలింది.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి సమావేశంలో, భారత మహిళల తరఫున జాతీయ పతాకాన్ని సభాధ్యక్షుడు డాక్టర్ రాజేంద్రప్రసాద్‌కు అందించే గౌరవం హంసా మెహతాకు దక్కింది. అది సరోజినీ నాయుడు చేయవలసిన పని. ఆమె ఢిల్లీలో లేకపోవడంతో శిష్యురాలు ఆ బాధ్యత నెరవేర్చారు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి అందించిన నమూనాతో మొదలైన పతాక ప్రయాణం ఆ రాత్రి ఒక స్త్రీ చేతుల మీదుగా స్వతంత్ర భారత సభకు చేరింది.

ఒక్క మాట కోసం

ఆ సంవత్సరాల్లోనే ఆమె మరొక వేదిక మీదా పనిచేస్తున్నారు. 1946లో ఐక్యరాజ్యసమితి మహిళా స్థితిగతుల ఉపసంఘంలో, 1947 నుంచి మానవ హక్కుల సంఘంలో ఆమె భారత ప్రతినిధి. పద్దెనిమిది దేశాల ప్రతినిధులున్న ఆ సంఘానికి ఎలినార్ రూజ్వెల్ట్ అధ్యక్షురాలు. ఆమె కాక అందులో ప్రతినిధిగా ఉన్న మరో స్త్రీ హంసా మెహతా ఒక్కరే.

ముసాయిదాలో మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుడతారన్న భావాన్ని చెప్పడానికి ఆంగ్లంలో పురుషులు అనే అర్థం కూడా వచ్చే పదాన్ని వాడారు. ఆ పదంలో స్త్రీలు కూడా ఇమిడి ఉన్నారని, అది భాషా సంప్రదాయమని పలువురు సభ్యులు భావించారు. రూజ్వెల్ట్ కూడా మొదట అందులో అభ్యంతరం చూడలేదు. హంసా మెహతా ఒప్పుకోలేదు. చట్టాన్ని అమలుచేసే చేతులు అన్ని దేశాల్లో ఒకేలా ఉండవు. స్త్రీకి ఓటు, ఆస్తి, చదువు నిరాకరించదలచినవాడికి ఆ ఒక్క పదమే సాకు అవుతుందని ఆమె హెచ్చరించారు. ఆ పట్టుదలకు మహిళా స్థితిగతుల సంఘం మద్దతు తోడైంది. చివరికి తొలి అధికరణంలో మానవులందరూ అనే అర్థమిచ్చే పదబంధం చేరింది. 1948 డిసెంబరు 10న పారిస్‌లో సర్వప్రతినిధి సభ 48 ఓట్లతో ఆ ప్రకటనను ఆమోదించింది. ఎనిమిది దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు.

ఆ పత్రం పూర్తిగా మారిందని చెప్పలేం. తొలి అధికరణంలోనే సోదరభావం అనే మాట ఉంది. ఇతర అధికరణాల్లో పురుష సర్వనామాలు అలాగే మిగిలాయి. కానీ పునాది వాక్యం మాత్రం ఎవరినీ వదిలిపెట్టని విధంగా నిలబడింది. 2015లో నాటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ఈ మార్పు ఘనత హంసా మెహతాదేనని బహిరంగంగా గుర్తుచేశారు.

తెలుగువారికి ఈ వాదన కొంత వింతగా తోచవచ్చు. మన మనిషి అనే మాటలో ఆడ, మగ తేడా లేదు. అయితే పదవుల దగ్గరకు వచ్చేసరికి మన భాష కూడా తడబడుతుంది. ఉపకులపతి, రాష్ట్రపతి అన్న మాటల చివర ఉన్నది పతి. ఒక సంస్థకు స్త్రీ అధిపతి అయినప్పుడు చైర్మన్ అని రాయాలా, చైర్‌పర్సన్ అని చదవాలా అన్న చర్చ వార్తా విభాగాల్లో నేటికీ జరుగుతూనే ఉంటుంది. అది చాదస్తమని నవ్వేవారూ ఉన్నారు. ఆ చాదస్తమే 1948లో ప్రపంచానికి మేలు చేసింది.

బరోడాలో తొమ్మిదేళ్లు

1949లో బరోడాలో మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు హంసా మెహతా దానికి తొలి ఉపకులపతి అయ్యారు. యువతీ యువకులు కలిసి చదివే విశ్వవిద్యాలయానికి భారతదేశంలో ఒక స్త్రీ ఉపకులపతి కావడం అదే ప్రథమం. 1958 వరకు ఆమె ఆ బాధ్యతలో ఉన్నారు. అంతకు ముందు బొంబాయిలోని శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ మహిళా విశ్వవిద్యాలయానికీ ఉపకులపతిగా పనిచేశారు. మహిళల సంస్థకు మహిళ నాయకత్వం వహించడాన్ని సమాజం అప్పటికే అంగీకరించింది. వందలాది పురుష అధ్యాపకులు, ఉద్యోగులున్న సంస్థకు ఆమె మాట చెల్లుబాటు కావడం కొత్త.

ఆమె దాన్ని పేరుకు విశ్వవిద్యాలయంగా వదిలేయలేదు. లలితకళల విభాగం, గృహవిజ్ఞాన విభాగం, సమాజసేవా విభాగం ఆమె హయాంలో రూపుదిద్దుకున్నాయి. 1950లో మొదలైన లలితకళల విభాగం దేశంలో ఆధునిక చిత్రకళకు ప్రధాన కేంద్రమైంది. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన కె. లక్ష్మాగౌడ్ 1960లలో అక్కడే కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదువుకుని, తెలంగాణ పల్లె రూపాలను దేశ చిత్రకళలో నిలబెట్టారు. ఒకరు నాటిన చెట్టు నీడన ఎవరు సేదతీరుతారో నాటినప్పుడు తెలియదు. నేడు ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయం హంసా మెహతా పేరుతోనే నడుస్తోంది.

పరిపాలన మధ్య ఆమె రచన మానలేదు. గుజరాతీ పిల్లలకు కథల పుస్తకాలు రాశారు. గలివర్ యాత్రలను, పినోకియో కథను వారి భాషలోకి తెచ్చారు. షేక్‌స్పియర్ నాటకాల్లో హామ్లెట్‌ను, వెనిస్ వర్తకుణ్ణి అనువదించారు. వాల్మీకి రామాయణ కాండలను గుజరాతీ చేశారు. తాత నవలారచయిత అయితే, మనుమరాలు పిల్లల చేతికి పుస్తకమిచ్చిన రచయిత్రి. 1959లో భారత ప్రభుత్వం ఆమెను పద్మభూషణ్‌తో సత్కరించింది.

ఇంటిపని ఎవరు నేర్చుకోవాలి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ మహిళా విద్యా సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసుతో ఏర్పడిన జాతీయ మహిళా విద్యా మండలి, బాలబాలికల పాఠ్యాంశాలు వేరుగా ఉండాలా అన్న ప్రశ్నను పరిశీలించే పనిని హంసా మెహతాకు అప్పగించింది. ఒక తెలుగు వనిత మొదలుపెట్టిన పనిని ఒక గుజరాతీ వనిత అందుకున్నారు.

ఆ సంఘం ఇచ్చిన సమాధానం ఈనాటికీ చాలా ఇళ్లకు చేరలేదు. స్త్రీ పురుషుల మేధస్సులో పుట్టుకతో వచ్చే తేడాను ఆధారం చేసుకుని చదువును విడదీయడానికి శాస్త్రీయ కారణం లేదని అది తేల్చింది. గణితం, విజ్ఞానశాస్త్రం ఆడపిల్లకు బరువన్న భావనను తోసిపుచ్చింది. గృహవిజ్ఞానాన్ని మాధ్యమిక దశ వరకు ఆడ, మగ పిల్లలిద్దరికీ బోధించాలని సూచించింది. వంటగది ఒకరిది, బయటి ప్రపంచం మరొకరిది అన్న విభజన బడిలోనే మొదలవుతుందని, దాన్ని బడిలోనే ఆపాలని ఆమె గ్రహించారు.

ఆమె కోరినది, మనకు మిగిలినది

హంసా మెహతా కోరినవన్నీ ఆమె ఊహించిన విధంగా జరగలేదు. రిజర్వేషన్ లేకుండానే స్త్రీలు చట్టసభల్లోకి సమానంగా వస్తారని ఆమె తరం నమ్మింది. తొలి లోక్‌సభలో మహిళలు దాదాపు ఐదు శాతమే. 2024లో ఎన్నికైన 543 మందిలో మహిళలు 74 మంది. ఏడు దశాబ్దాల అనుభవం తరువాత, 2023లో పార్లమెంటు చట్టసభల్లో మూడోవంతు స్థానాలను మహిళలకు కేటాయిస్తూ రాజ్యాంగాన్ని సవరించింది. ఆమె 1946లో వద్దన్న మార్గాన్నే దేశం ఎంచుకుంది. దీన్ని ఆమె ఓటమిగా చూడనక్కరలేదు. స్త్రీల సామర్థ్యంపై ఆమెకు ఉన్న నమ్మకం తప్పు కాలేదు. సమాజం తనంత తానే దారి ఇస్తుందన్న ఆ తరం ఆశ మాత్రం పూర్తిగా ఫలించలేదు.

ఆస్తిహక్కు విషయంలో కథ వేరు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది.

పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో సగం స్థానాలు నేడు తెలుగు రాష్ట్రాల్లోనూ, గుజరాత్‌లోనూ మహిళలవే. అయినా సర్పంచి సంతకం చేస్తే భర్త మాట్లాడే దృశ్యాలు మనకు కొత్త కావు. కుర్చీలో కూర్చున్న స్త్రీని ఎవరి భార్య, ఎవరి కూతురు అని అడిగే అలవాటు పోలేదు. పురుషుడు గట్టిగా మాట్లాడితే దక్షత, స్త్రీ గట్టిగా మాట్లాడితే గయ్యాళితనం అనే తూకపు రాళ్లు మారలేదు. చట్టంలోని మాటను హంసా మెహతా మార్చగలిగారు. ఇంట్లోని మాటను మార్చే పని మనది.

1995 ఏప్రిల్ 4న, 97 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. సూరత్‌లో మరమగ్గం చప్పుడు మధ్య తెలుగు వాచకం చదువుకుంటున్న ఆడపిల్ల తన ఊరి గొప్పవారెవరని అడిగితే, పెద్దలు ఒక పేరు సందేహించకుండా చెప్పవచ్చు. కులం వెలివేసినా, జైలు పిలిచినా, ప్రపంచ వేదిక మీద దాదాపు ఒంటరిగా కూర్చోవలసి వచ్చినా, ఒక్క మాట దగ్గర రాజీపడని స్త్రీ వారి వీధులున్న ఊరిలోనే పుట్టిందని ఆ పిల్లకు తెలియాలి.